రోడోడెండ్రాన్‌ను లోతుగా పాతకండి

సంపాదకులకు,

సియాటిల్ వైపు ఇళ్లు కొనుక్కున్న మనవాళ్ల పెరళ్లలో రోడోడెండ్రాన్ అనే పూలపొద తరచూ కనిపిస్తుంది. వాషింగ్టన్ రాష్ట్ర పుష్పం కూడా అదే జాతిది. మే నెలలో పూలు చూసి ముచ్చటపడి కుటుంబ నర్సరీల నుంచి కుండీలు తెస్తారు. ఆగస్టుకల్లా మొక్క ఎండితే తెగులనుకుని మందు కొడతారు. చాలాసార్లు తప్పు నాటడంలోనే ఉంటుంది.

దీని వేళ్లు వెంట్రుకల్లా సన్నం, పైపైనే పాకుతాయి. కుండీలోని బెరడు పొడి ఒకసారి ఎండిందంటే పోసిన నీళ్లు పక్కనుంచి జారిపోతాయి, వేరుముద్ద లోపల పొడిగానే ఉంటుంది. నాటేముందు బుడగలు ఆగేదాకా బకెట్లో ముంచాలి. చాపలా అల్లుకున్న వేళ్లను కత్తితో మూడు నాలుగుచోట్ల నిలువుగా గీయాలి. గొయ్యి వెడల్పు ముద్దకు రెండింతలు, లోతు అంగుళం తక్కువ. లోతుగా పాతితే ఊపిరాడక వేళ్లు కుళ్లుతాయి. పైన రెండు మూడంగుళాల బెరడు ముక్కలు, కాండానికి తగలకుండా. నేల పుల్లదనం చెప్పే పీహెచ్ 4.5–6 ఉండాలి కాబట్టి సున్నం, బూడిద వద్దు. లేతాకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ముందు నేలనే పరీక్షించండి.

వాడిపోయిన పూలగుత్తిని బొటనవేలితో విరవండి, దాని కిందే కొత్త చిగుళ్లుంటాయి, జాగ్రత్త. కత్తిరింపు పూలు రాలగానే. వేసవి చివరికే మరుసటేటి మొగ్గలు కట్టేస్తాయి. అక్టోబరులో కత్తెర పెడితే పూలు కోసేసినట్టే. గడ్డకట్టే చలికి ఆకులు చుట్టుకుపోవడం మామూలే, దాహం కాదు.

ఆకులూ పూలూ విషం. దేవుడి పటానికి పెట్టండి గానీ ప్రసాదం పళ్లెంలో వద్దు. రంగు మేలో ఎంచుకోండి, నాటడం అక్టోబరు వానల్లో.

– తెలుగు తోటమాలులు, సియాటిల్