మిర్చి కాంట్రాక్టుకు ఏ చట్టం? – కేంద్ర వాణిజ్య మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయ కేంద్ర వాణిజ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గుంటూరు నుంచి చైనాకు వెళ్లే తేజ మిర్చి కాంట్రాక్టులు న్యాయవాదిగా నా బల్ల మీదికి వస్తుంటాయి. ధర, తేమ శాతం, ఓడ తేదీ అన్నీ పక్కాగా ఉంటాయి. తగాదా వస్తే ఏ దేశపు చట్టం చూడాలో రాసి ఉన్నవి తక్కువ.

ఈ చిక్కు తీర్చడానికే 1980లో సరుకుల అంతర్జాతీయ అమ్మకాలపై వియన్నా ఒడంబడిక కుదిరింది. చైనా అందులో ఉంది. వియత్నాంకు 2017 నుంచి వర్తిస్తోంది. మనం చేరలేదు. ఇరుపక్షాలూ సభ్య దేశాలవారైతేనే అది దానంతటది వర్తించేలా చైనా 95వ అధికరణం కింద మినహాయింపు పెట్టుకుంది కాబట్టి, మనం బయట ఉన్నంతకాలం ఆ దేశపు సభ్యత్వం మన వర్తకుడికి అక్కరకు రాదు.

సోషలిస్టు రాజ్యాలతో ఉమ్మడి చట్టం పొసగదని కొందరు మిత్రులు నాతో వాదిస్తారు. చైనా 1986 ఏప్రిల్‌లో చేసిన పౌర చట్టం సాధారణ సూత్రాలను వారు చూపిస్తారు. చట్టంలో లేనిచోట రాజ్య విధానాన్ని పాటించాలని అందులోని ఆరో అధికరణం చెప్పింది. నిజమే. కానీ అదే ఏడాది డిసెంబరులో చైనా వియన్నా ఒడంబడికను ఆమోదించింది! కాంట్రాక్టు రాతపూర్వకంగానే ఉండాలని అప్పట్లో పెట్టుకున్న మరో మినహాయింపును 2013లో వదులుకుంది. అంతకు చాలా ముందే, 1958లో, సోవియట్ నాయకత్వంలోని ఆర్థిక కూటమి కామెకాన్ దేశాలు తమలో తాము సరుకుల సరఫరాకు ఉమ్మడి నిబంధనలు రాసుకున్నాయి.

మూడు వేర్వేరు కాంట్రాక్టు చట్టాలను చైనా 1999లో ఒక్కటిగా కలిపినప్పుడు వియన్నా నుంచి చాలా తీసుకుంది. 2021లో అమల్లోకి వచ్చిన పౌర స్మృతి (సివిల్ కోడ్) పదో అధికరణంలో, చట్టం మౌనంగా ఉన్నచోట విధానం బదులు ఆచారం కనిపిస్తుంది. కమ్యూనిస్టు పార్టీ మాటకు బలం తగ్గిందని నేను భ్రమపడను. సుప్రీం పీపుల్స్ కోర్టు వ్యాఖ్యానాలు చదవకుండా అక్కడి చట్టం అర్థం కాదు కూడా. అయినా సరుకులో లోపం ఉందని కొనుగోలుదారు చెప్పడానికి ఆ స్మృతి 621వ అధికరణం పెట్టిన గరిష్ఠ గడువు వియన్నాలో ఉన్న రెండేళ్లే.

రాజ్యాంగ ప్రవేశికలో 1976లో ‘సామ్యవాద’ అన్న మాట చేర్చుకున్న మనం 1930 నాటి వస్తు విక్రయ చట్టాన్నే పట్టుకుని కూర్చున్నాం.

ఒడంబడికలో చేరే ప్రతిపాదనను న్యాయ శాఖతో కలిసి పార్లమెంటు ముందుకు తీసుకురండి. కావాలంటే చైనాలాగే మొదట ఒకటి రెండు మినహాయింపులు పెట్టుకోండి. ఈలోగా, ఏ చట్టం వర్తిస్తుందో స్పష్టంగా రాసిన నమూనా కాంట్రాక్టును తెలుగులోనూ ఎగుమతిదారులకు ఇప్పించండి.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక న్యాయవాది