ఫైల్ సర్వర్‌లో రోమింగ్ ప్రొఫైళ్లు, హోం ఫోల్డర్ల అమరికపై ఫిర్యాదు

శ్రీకాకుళం

సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: మా కాలేజీ ఫైల్ సర్వర్‌లో మీ సంస్థ చేసిన పనిని సరిచేయడం గురించి

అయ్యా,

మా డిగ్రీ కాలేజీ ల్యాబుల్లో ఏ విద్యార్థి ఏ సిస్టమ్ ముందు కూర్చున్నా తన ఫైళ్లు తనకి కనబడాలని మీకు పని అప్పగించాం. రోమింగ్ ప్రొఫైల్ (డెస్క్‌టాప్, సెట్టింగులు సర్వర్‌లో ఉండి, ఏ సిస్టమ్‌లో లాగిన్ అయినా అక్కడికి దిగడం), హెచ్ డ్రైవ్‌గా ఒక్కొక్కరికీ హోం ఫోల్డర్ (సర్వర్‌లో సొంత ఫోల్డర్), రోజూ రాత్రి బ్యాకప్ అని కొటేషన్‌లో మీరే రాసిచ్చారు. పని పూర్తయిందని మా చేత సంతకం కూడా పెట్టించుకున్నారు. అప్పటినుంచీ పిల్లల ఫైళ్లు పోతూనే ఉన్నాయి.

బీకాం చివరి సంవత్సరం అమ్మాయి ఒకామె నరసన్నపేట అవతలి ఊరినుంచి బస్సులో వస్తుంది. ఇంట్లో కంప్యూటర్ లేదు. పలాస జీడి ఫ్యాక్టరీల్లో పప్పు ఒలిచే ఆడవాళ్ల కూలి మీద ప్రాజెక్టు చేస్తోంది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. ఫైల్ సర్వర్ ఇంకా లేవకముందే ఆమె లాగిన్ అయింది. టెంపరరీ ప్రొఫైల్‌లో (సర్వర్ అందనప్పుడు విండోస్ ఇచ్చే తాత్కాలిక ప్రొఫైల్‌లో) ఉన్నారని తెర మూలన సందేశం వచ్చి పోయింది, ఆమె గమనించలేదు. సాయంత్రందాకా నోట్‌బుక్‌లోంచి పట్టికలు ఎక్కించి, డెస్క్‌టాప్ మీద సేవ్ చేసి, లాగాఫ్ చేసి బస్సుకి వెళ్లిపోయింది. టెంపరరీ ప్రొఫైల్‌ని విండోస్ లాగాఫ్‌లోనే చెరిపేస్తుంది. మర్నాడు ఆ డెస్క్‌టాప్ మీద రీసైకిల్ బిన్ తప్ప ఏమీ లేదు.

ఇది కరెంటు తప్పు కాదు. లాగాఫ్ కాగానే సిస్టమ్‌లోని ప్రొఫైల్ కాపీ తీసేయాలని మీవాళ్లు గ్రూప్ పాలసీలో (అన్ని సిస్టమ్‌లకీ సర్వర్ నుంచి ఒకేసారి పెట్టే నియమాల్లో) పెట్టారు. ల్యాబుకి అది అవసరమే, లేకపోతే సి డ్రైవ్ నిండిపోతుంది. అయితే టెంపరరీ ప్రొఫైల్‌తో ఎవర్నీ లోపలికి రానివ్వకుండా ఆపే పాలసీ కూడా అక్కడే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. అది పెట్టి ఉంటే ఆ అమ్మాయికి లాగిన్ అయ్యేదే కాదు, నన్ను పిలిచేది, సర్వర్ లేచేదాకా ఆగేది.

పాత ల్యాబులో విండోస్ 7, కొత్త ల్యాబులో విండోస్ 10 ఉన్నాయి. ఒకే విద్యార్థికి సర్వర్‌లో విండోస్ వెర్షన్‌ని బట్టి ఒకదానికి వీ2, ఇంకోదానికి వీ6 అని చివర తగిలించుకుని రెండు వేర్వేరు ప్రొఫైల్ ఫోల్డర్లు తయారవుతున్నాయి. పాత ల్యాబులో డెస్క్‌టాప్ మీద పెట్టింది కొత్త ల్యాబులో కనబడదు. డెస్క్‌టాప్‌నీ డాక్యుమెంట్స్‌నీ ఫోల్డర్ రీడైరెక్షన్‌తో హోం ఫోల్డర్‌కి మళ్లిస్తే రెండుచోట్లా ఒకటే కనబడుతుంది. విండోస్ 7కి సపోర్టు 2020 జనవరి 14తోనే ఆగిపోయిందని మీ ఇంజనీర్ అన్నారు. నిజమే, కానీ ఆ సిస్టమ్‌లు కళ్లారా చూశాకే కదా మీరు కొటేషన్ ఇచ్చింది!

రీడైరెక్షన్ లేకపోవడంవల్ల పిల్లలు పెట్టుకున్న వీడియోలతో సహా ప్రొఫైల్ మొత్తం లాగిన్‌లో దిగుతుంది. తలా 2 జీబీ చొప్పున 30 మంది ఒకేసారి కూర్చుంటే 60 జీబీ. సర్వర్‌కి ఉన్నది ఒక్క గిగాబిట్ లైను, అది పూర్తి వేగంతో నడిచినా 8 నిమిషాలు పడుతుంది. పీరియడ్‌లో ఆ సమయం పోయినట్టే.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది హోం ఫోల్డర్ల సంగతి. ఏ విద్యార్థి అయినా సర్వర్ పాత్ (ఫోల్డర్ల నెట్‌వర్క్ చిరునామా) కొడితే మిగతా అందరి ఫోల్డర్లూ తెరుచుకుంటున్నాయి. చదవడమే కాదు, చెరిపేయనూ వచ్చు. షేర్‌లో (నెట్‌వర్క్‌లోంచి ఫోల్డర్లకి వచ్చే దారిలో) అందరికీ ఫుల్ కంట్రోల్ ఇచ్చినా ఫర్వాలేదు, లోపల ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్లు (ఒక్కో ఫోల్డర్‌ని ఎవరు తెరవచ్చో డిస్కులోనే పెట్టే అనుమతులు) బిగిస్తే. మీవాళ్లు రెండుచోట్లా వదిలేశారు. ఆ ఫోల్డర్లలో ఆడపిల్లల ఫొటోలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులకి స్కాన్ చేసిన ఆధార్ కాగితాలు ఉన్నాయి. ఎవరైనా వాటిని కాపీ చేసుకుని ఉంటే తెలుసుకునే దారి కూడా లేదు, ఎవరు ఏ ఫైలు తెరిచారో రాసిపెట్టే ఆడిటింగ్ ఆన్ చేయలేదు కనుక.

పోయిన ఫైళ్లు బ్యాకప్‌లోంచి ఇవ్వమని అడిగితే తెలిసింది, బ్యాకప్ షెడ్యూలే పెట్టలేదని. ఫైళ్ల పాత రూపాల్ని సర్వర్‌లో దాచిపెట్టే షాడో కాపీలూ లేవు. ఫోన్ చేస్తే మీ ఇంజనీర్ ఇచ్చిన సలహా "పిల్లల్ని పెన్‌డ్రైవ్‌లు తెచ్చుకోమనండి సార్" అని. పెన్‌డ్రైవ్ కొనలేని పిల్లల కోసమే ఈ సర్వర్ పెట్టించుకున్నాం.

హోం ఫోల్డర్ల పర్మిషన్లు ఈ ఆదివారమే, ల్యాబులు ఖాళీగా ఉన్నప్పుడు సరిచేయాలి. దేన్నైనా కదిపేముందు ఇప్పుడున్న డేటా అంతా విడి డిస్కులోకి కాపీ తీయాలి. రీడైరెక్షన్, టెంపరరీ ప్రొఫైల్ పాలసీ, ఒక్కొక్కరికీ ఇంత చోటే అని పెట్టే కోటాలు, బ్యాకప్ పదిహేను రోజుల్లో పూర్తిచేసి, ఒక ఫైలు చెరిపి నా ఎదుటే తిరిగి తెచ్చి చూపాలి. ఈ పనికి తెలిసిన మనిషిని పంపండి, నేర్చుకుంటున్న కుర్రాణ్ణి ఒంటరిగా పంపొద్దు.

అంతవరకూ మిగతా బిల్లు, వచ్చే ఏడాది ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) రెండూ ఆపమని ప్రిన్సిపాల్ గారు ఆదేశించారు. ఎవరు, ఎప్పుడు వస్తారో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌చార్జి