మాటలు ఉంటే సాగదీతేనా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మాటల మీద నడిచే ప్రేమకథ ఏది వచ్చినా మీ సినిమా పేజీలో 'ల్యాగ్ ఎక్కువైంది' అని రాయకుండా ఉండరు. నేను 28 ఏళ్లు సికింద్రాబాద్–కోఠి సిటీ బస్సులో టికెట్లు కొట్టి రిటైరైనవాణ్ణి. ప్రేమించుకునేవాళ్లు ఎట్లా మాట్లాడుకుంటారో కొంచెం తెలుసు. కావాలని వినలేదు, ఆ రద్దీలో చెవులు మూసుకోలేం కదా!

ఒక జంట రోజూ ముషీరాబాద్‌లో ఎక్కేది. అమ్మాయి ముందు లేడీస్ వైపు, అబ్బాయి వెనక ఫుట్‌బోర్డు దగ్గర. "అన్నా, ముందు పచ్చ చున్నీ, ఆమెది గూడ కొట్టు" అని చిల్లర ఇచ్చేవాడు. ఒకరోజు ఆ అమ్మాయి ముఖం మాడ్చుకుని తన టికెట్ తనే తీసుకుంది. ఏదో గొడవ. నారాయణగూడ దాటాక నన్ను పిలిచి, "అన్నా, ఆయన టిఫిన్ డబ్బా నా దగ్గరే ఉండిపోయింది, దిగినంక తీస్కొమ్మను" అంది. వెనక్కి వెళ్లి చెప్పాను. అతని మొహం చూడాల్సింది! వాళ్ల నోట 'ప్రేమ' అన్న మాట నేనెప్పుడూ వినలేదు.

2004లో వచ్చిన 'ఆనంద్' అందుకే నచ్చింది. పెళ్లిలో అమ్మ చీర కట్టుకుంటానన్న దగ్గర మాటా మాటా పెరిగి ఆ పెళ్లే ఆగిపోతుంది. 2016 నాటి 'పెళ్లి చూపులు'లో గదిలో ఇరుక్కుపోయిన ఇద్దరూ చేసేదల్లా మాట్లాడుకోవడమే. ఆ సినిమా మాటలకు జాతీయ అవార్డు కూడా వచ్చింది. మరి అది ల్యాగ్ కాదా?

అలాగని అన్నీ బాగుంటాయనను. కాఫీ కప్పులు ముందు పెట్టుకుని సగం ఇంగ్లీషులో గొణుక్కునే సినిమాలకు నేనూ కునుకు తీశాను, డబ్బులిచ్చి మరీ.

పోయిన నెల మాటల మీద నడిచే చిన్న ప్రేమకథ ఒకటి చూద్దామని మా ఆవిడతో బయల్దేరితే, ఉన్నది పొద్దున పదకొండు గంటల ఆట ఒక్కటే. వంట ముగించుకుని వెళ్దామని ఆమె అనేసరికి మూడు రోజులు గడిచాయి, ఆ ఆట కూడా ఎత్తేశారు. మీ రివ్యూ మాత్రం మొదటిరోజే వచ్చింది. నిడివి ఎంతో, పాటలు ఎన్నో రాశారు. ఆ ఇద్దరూ మనుషుల్లాగా మాట్లాడుకున్నారా లేదా అన్నది ఒక్క ముక్క రాసి ఉంటే, ఆ వంటేదో హోటల్ నుంచి తెప్పించుకునేవాళ్లం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టర్,
విద్యానగర్, హైదరాబాద్.