మూడు పొద్దులు మా అమ్మ పక్కన నిలబడిన ల్యాబ్ మేడంకి

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం ఆరున్నరకి ఫోన్ వచ్చింది. అమ్మ తెమడ కల్చర్ (తెమడలో టీబీ క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్ష) మూడు శాంపిళ్లూ నెగటివ్. ఈ ఒక్క మాట కోసం ఎనిమిది వారాలు ఎదురుచూశాం. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇప్పుడు తెల్లవారుజామున అయిదయింది, తల దిమ్ముగా ఉంది, రాతలో తప్పులుంటే క్షమించండి. ఇది ఇవాళే రాయాలి. రేపు అనుకుంటే మళ్లీ పనుల్లో పడిపోతాను.

విషయం తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మా అక్క డాలస్‌లో ఉంటుంది. సిటిజన్ అయ్యాక అమ్మకి గ్రీన్ కార్డ్ పిటిషన్ వేసింది. రెండేళ్లకి ముంబైలో ఇంటర్వ్యూ తేదీ ఇచ్చారు. ఇంటర్వ్యూకి ముందు మెడికల్ చేయించాలి. అది ఏ డాక్టర్ దగ్గరైనా చేయించుకుంటే చెల్లదు, అమెరికా కాన్సులేట్ జాబితాలో ఉన్నవాళ్ల దగ్గరే చేయించాలి. టీకాలు, రక్తం, ఛాతీ ఎక్స్‌రే. హైదరాబాద్‌లో ఒక పూటలో అయిపోతుందని అందరూ అన్నారు.

మాకు అలా అవలేదు. అమ్మకి 2011లో టీబీ వచ్చింది. అప్పుడు మధిర దగ్గర మా ఊళ్లో ఉండేవాళ్లం. సర్కారు దవాఖానలో డాట్స్ మందులు ఆరు నెలలు వాడింది. ఆమె పేరు రాసిన ఎర్ర డబ్బా ఒకటి అక్కడే ఉండేది. మొదటి రెండు నెలలు వారానికి మూడు రోజులు వెళ్లి వాళ్ల ఎదురుగానే మాత్రలు మింగి రావాలి. ఒక్క డోసు కూడా మానలేదు. పూర్తిగా తగ్గిపోయింది. కానీ ఆరోజుల్లో ఊళ్లో ఎవరో ఏదో అన్నారు. అప్పటి నుంచి అమ్మ గ్లాసు వేరు, కంచం వేరు. గ్లాసు అడుగున గుర్తుగా చుక్క కొట్టించుకుంది. మా పాప పుట్టినప్పుడు కూడా దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకోలేదు, కొంగు అడ్డం పెట్టుకునే ఎత్తుకుంది.

మెడికల్ రోజు ఇచ్చిన ఫారంలో, మీకు ఎప్పుడైనా టీబీ వచ్చిందా అని ఒక ప్రశ్న ఉంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని "వద్దే, రాయకు" అంది. నేను ఉంది అనే రాశాను. అమ్మ నాతో మాట్లాడడం మానేసింది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ కనిపించింది. టీబీ తగ్గినా మచ్చ మిగిలిపోతుందట. అది పాతదా, లోపల ఇంకా ఏమైనా ఉందా అన్నది ఎక్స్‌రే ఒక్కటే చూసి తేల్చలేరు కాబట్టి, వరుసగా మూడు రోజులు పరగడుపున తెమడ ఇవ్వాలన్నారు. మైక్రోస్కోప్ కింద చూడడం త్వరగానే అయిపోతుంది. కానీ టీబీ క్రిమి చాలా నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి కల్చర్‌కి ఎనిమిది వారాలు ఆగాలి. అమ్మని టీబీ మనిషిగా లెక్కేశారని మాకు ఎలా తెలిసిందంటే, కౌంటర్‌లో ఉన్న అమ్మాయి నిండు హాల్లో లోపలికి కేకేసి అడిగింది: "ఆ టీబీ కేసు ఆంటీని ఎక్కడ కూర్చోబెట్టాలి?" పక్కన కూర్చున్నవాళ్లు లేచి వేరే కుర్చీల్లోకి వెళ్లారు. అమ్మ కొంగు తీసి మూతికి కప్పుకుంది. ఆ రోజు ఇంటికి వచ్చాక "నేను అమెరికా రాను, దానికి చెప్పెయ్" అంది.

మర్నాడు ఎలాగో బతిమాలి తీసుకెళ్లాను. తెమడ ఇచ్చే గది పైన డాబా మీద ఉంది, గాలి బాగా ఆడేలా మూడు పక్కలా తెరిచి ఉంటుంది. అక్కడే ఆ ల్యాబ్ మేడం కనబడింది. నా వయసే ఉంటుంది. పెద్ద మాస్కు, కళ్లు తప్ప ఏమీ కనిపించవు. అమ్మకి దగ్గే లేదు, ఎంత ప్రయత్నించినా ఉమ్మే వస్తోంది. ఆమె విసుక్కోలేదు. "ఉమ్మి కాదు పెద్దమ్మా, లోపల నుంచి తెమడ రావాలి. తొందరేం లేదు, చూడు, నేను చేసినట్టు చెయ్" అని తను కాస్త దూరంగా నిలబడి, గట్టిగా మూడుసార్లు ఊపిరి పీల్చి, ఆపి, కడుపులోంచి దగ్గి చూపించింది. ఉప్పునీళ్ల ఆవిరి పట్టించింది. నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో అమ్మ ఏడ్చేసింది. "నాకు తగ్గిపోయింది బిడ్డా, నేను ఒక్క మాత్ర ఎగ్గొట్టలేదు, నన్ను నమ్ము" అంది. అప్పుడు ఆమె అన్న మాట నాకు ఇంకా చెవుల్లో ఉంది.

"సగంలో మానేసేవాళ్లని రోజూ చూస్తాను. ఆరు నెలలు ఒక్కటి వదలకుండా వేసుకున్నావంటే నువ్వు ఎంత గట్టిదానివి పెద్దమ్మా! ఇందులో సిగ్గుపడేది ఏముంది? చెప్పుకోవాలి నువ్వు."

పద్నాలుగేళ్లలో అమ్మకి ఆ మాట ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మూడో రోజు అమ్మ నాలుగింటికే లేచి పులిహోర చేసింది. తను పరగడుపున ఉండి ఆమె కోసం డబ్బా కట్టింది. శాంపిల్ ఇచ్చాక డబ్బా నా చేతిలో పెట్టి "నువ్వివ్వు, నా చేత్తో వద్దు" అని మెల్లగా చెప్పింది. మేడం విన్నది. ఏమీ అనలేదు. శాంపిల్ డబ్బా మూత బిగించి, పేరు రాసి, గ్లౌజులు తీసేసి, చేతులు కడుక్కుని కిందికి వచ్చింది. బయట బెంచీ మీద మా పక్కన కూర్చుని మాస్కు తీసింది. మూడు రోజుల్లో ఆమె ముఖం మేము చూడడం అదే మొదలు. చెయ్యి చాపి "నువ్వే పెట్టు పెద్దమ్మా" అంది.

అమ్మ చెయ్యి వణికింది. ముద్ద ఆమె అరచేతిలో పెట్టింది. ఆమె తిన్నది. ఇంకో ముద్ద అడిగింది. అమ్మ సీసాలోంచే నీళ్లు తాగింది. "టీబీ తిండితో అంటదు, గ్లాసుతో అంటదు. జబ్బు ఉన్నవాళ్లు దగ్గితే గాలిలోంచి వస్తుంది, అంతే. నీకది పోయి పద్నాలుగేళ్లు. ఎందుకింత దూరం పెట్టుకున్నావు నిన్ను నువ్వు?" అంది. ఇద్దరూ ఆ ఒక్క డబ్బాలోంచే తిన్నారు. నేను అక్కడ ఉండలేక పార్కింగ్‌లోకి వెళ్లి ఏడ్చాను. ఆ చుక్క గ్లాసు మా ఇంట్లో ఇన్నేళ్లు ఉంది. నేను రోజూ దాన్ని కడిగి వేరే గూట్లో పెట్టాను. ఎందుకమ్మా ఇది అని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయాలని ఉంది. అడిగితే "వద్దక్కా, నా డ్యూటీ నేను చేశాను" అంది. అది డ్యూటీ కాదమ్మా. జీతానికి చేసే పని శాంపిల్ తీసుకోవడంతోనే అయిపోయింది. నీకు నా నమస్కారం.

మా ఆయన మూడు రోజులూ సెలవు పెట్టి తిప్పాడు, అక్క అక్కడ రాత్రుళ్లు మేలుకుని ఫోన్‌లో ఉంది, అత్తగారు పాపని చూసుకున్నారు. వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

కానీ ఒకటి చెప్పకుండా ఉండలేను. అపాయింట్‌మెంట్ కాగితంలో "పాత మెడికల్ రికార్డులు తెచ్చుకోండి" అని ఒక్క ముక్క ఉంది. మేము బీపీ, షుగర్ ఫైలు పట్టుకెళ్లాం. టీబీ వచ్చి తగ్గినవాళ్లు ఆనాటి చికిత్స కాగితాలు తీసుకురావాలని, ఇలా ఎనిమిది వారాలు పట్టొచ్చని అదే కాగితంలో పెద్ద అక్షరాలతో రాస్తే ఏం పోయింది? ఇంటర్వ్యూ తేదీ వాయిదా వేయించుకోవాల్సి వచ్చింది. తెమడ పరీక్షలకి వేరే డబ్బు కట్టాం. ఇప్పుడు క్లాస్ బీ1 (ఎక్స్‌రేలో టీబీ గుర్తులున్నా తెమడ పరీక్షలు నెగటివ్) అని రాసిన ఈ మెడికల్ మూడు నెలలే చెల్లుతుందట. ఆలోగా ఇంటర్వ్యూ, వీసా, ప్రయాణం అన్నీ అయిపోవాలి, లేకపోతే మళ్లీ మొదటికి. డబ్బు సంగతి వదిలేయండి. మన దేశంలో టీబీ వచ్చి తగ్గినవాళ్లు ఎంతమంది లేరు? అరవై ఏళ్లు దాటిన మనిషిని హాల్లో జబ్బు పేరు పెట్టి పిలవకూడదని అక్కడ పనిచేసేవాళ్లకి ఎవరూ చెప్పరా? పిల్లల దగ్గరికి వెళ్లడానికి వచ్చిన మనిషి ఆమె, నేరం చేసి రాలేదు. దీని గురించి అక్కడి పెద్ద డాక్టర్‌కి ఉత్తరం రాసి ఇచ్చాను. జవాబు రాలేదు.

మీ ఇంట్లో ఎవరైనా డాట్స్ మందులు వాడి ఉంటే ఆ చికిత్స కార్డు పారేయకండి. పిల్లలు విదేశాల్లో ఉంటే అసలే పారేయకండి.

అయ్యో, కొందరిని మరిచిపోయాను. ఎక్స్‌రే గదిలో అమ్మకి గౌను ముడి వేసి, పుస్తెలతాడు తీయాలంటే ఏడుస్తుంటే తన రుమాల్లో మూటకట్టి నా చేతికిచ్చిన ఆయమ్మ. రెండో రోజు వానలో మెట్ల దాకా ఆటో తెచ్చి పెట్టిన డ్రైవర్ అన్న. ఫోన్‌లో క్లాస్ బీ1 అంటే ఏంటో ఓపిగ్గా చెప్పిన అక్క స్నేహితురాలు.

ఇంకా ముఖ్యమైన మనిషి, మధిరలో టీబీ విభాగంలో పనిచేసే ఆ సార్. 2011 రిజిస్టర్ దొరకడం కష్టమమ్మా అంటూనే, మధ్యాహ్నం భోజనం మానేసి గోదాంలో దుమ్ము పట్టిన కట్టలన్నీ విప్పారు. అమ్మ పేరు, మందులు మొదలుపెట్టిన తేదీ, ఎదురుగా "క్యూర్డ్" అని ఎర్ర ఇంకుతో రాసిన పేజీ తీసి, జిరాక్స్ మీద స్టాంపు వేసి ఇచ్చారు. ఛాయ్ డబ్బులు కూడా తీసుకోలేదు. ఆ హడావుడిలో ఆయన పేరు కూడా అడగలేదు నేను. వచ్చే ఆదివారం ఆయన ఇంటి అడ్రస్ కనుక్కుని మధిర వెళ్తున్నాం. అప్పట్లో కొంగు కప్పుకుని వెళ్లిన ఆ దవాఖాన కూడా చూసొద్దామని అమ్మే అంటోంది.