తొమ్మిదో నంబరు బూట్లు

నాష్‌విల్, టెన్నెసీ, అమెరికా,
మే 30, శనివారం తెల్లవారుజాము

ఒరేయ్ సుబ్బూ,

ఉగాదికి నువ్వు రాసిన ఉత్తరం అందింది. అందిన రోజే జవాబు రాద్దామని కాగితం తీశాను, ఇదిగో మే నెల అయిపోతోంది. తిట్టుకుని ఉంటావు, ఆ తిట్లన్నీ నాకు చెందాల్సినవే. మన్నించు.

ఇంట్లో సంగతులు గబగబా చెప్పేస్తాను. మేఘన బడి చదువు పూర్తయింది, ఆగస్టులో కాలేజీకి వెళుతుంది. సునీత మోకాలి నొప్పి చాలా వరకు తగ్గింది. నా ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. నాన్నగారు వచ్చి మూడు వారాలైంది. రాగానే పెరట్లో గోంగూర గింజలు చల్లారు, మొలకలు వచ్చాయి. ఇంతే. ఇక అసలు సంగతికి వస్తాను. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. ఫోనులో చెప్పి ఉండవచ్చు, కానీ నీ కొట్టుకు ఎవరో ఒకరు కంప్యూటర్ పట్టుకుని వస్తారు, మాట మధ్యలో తెగిపోతుంది. ఇది మధ్యలో తెగకూడని మాట.

పోయిన ఆదివారం పక్కింటావిడను భోజనానికి పిలిచాం. రిటైరైన బడి టీచరు, మా మీద చాలా అభిమానం. పులిహోర రెండోసారి వడ్డించుకుంటూ నాన్నగారితో, "మీ అబ్బాయి తన బూట్‌స్ట్రాప్స్ తానే పట్టుకుని పైకి వచ్చాడు" అంది. ఇక్కడ ఇది చాలా పెద్ద మెప్పు. నాన్నగారు నావైపు తిరిగి అదేమిటని అడిగారు. ఎవరి సాయమూ లేకుండా స్వయంకృషితో పైకి రావడమని చెప్పాను.

"అర్థం సరేరా, మాట ఏమిటి?" అన్నారు.

ఆ గొంతు నీకు తెలుసు కదా. సూత్రం అప్పజెప్పి కూర్చోబోతుంటే "సరే, అందులో ఒక్కో అక్షరం ఏమిటి?" అని మళ్ళీ నిలబెట్టే గొంతు. చెప్పాను: పొడుగు బూటు తొడుక్కోవడానికి దాని పైఅంచున కుట్టే పట్టీని బూట్‌స్ట్రాప్ అంటారు. వాటిని రెండు చేతులా పట్టుకుని తనను తాను నేల మీంచి పైకి ఎత్తుకోవడం.

నాన్నగారు చెంచా కింద పెట్టేశారు. "అది కుదరదు కదా!"

ఆ తర్వాత పది నిమిషాలు మా భోజనాల బల్ల మన తెనాలి క్లాసు గది అయిపోయింది. చేతులు తుడుచుకునే కాగితం మీద మనిషి బొమ్మ వేశారు, కాళ్ళకు బూట్లు వేశారు, బాణాలు గీశారు. చెయ్యి పట్టీని ఎంత బలంతో పైకి లాగితే, పట్టీ చేతిని అంతే బలంతో కిందికి లాగుతుంది. రెండూ ఒకే ఒంటి లోపలి బలాలు కాబట్టి ఒకదానికొకటి సరిపోతాయి. ఎంత లాగినా మనిషి అంగుళం కూడా లేవడు. లేవాలంటే బయటి నుంచి ఒక బలం రావాలి. నువ్వు రైసు మిల్లు కాటా మీద కూర్చుని నీ మోకాళ్ళు నువ్వే పైకి లాక్కుంటూ "మాస్టారూ, బరువు తగ్గిందా?" అని అరిచిన రోజు గుర్తుందా? నాన్నగారికి గుర్తుంది. ఆవిడకు ఆ కథ కూడా చెప్పారు, నీ పేరుతో సహా.

పాపం ఆవిడ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "డెబ్భై ఏళ్ళుగా ఈ మాట అంటున్నాను, ఒక్కసారి కూడా దాని లోపలికి చూడలేదు" అంది. నేను మాత్రం చూశానా? పాతికేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను, ఎంతమంది నోట విన్నానో. కుదరని పనిని మెప్పుగా ఎప్పటి నుంచి చెప్పుకుంటున్నారో తెలుసుకోవాలని ఇద్దరికీ పట్టుదల వచ్చింది. సోమవారం నుంచి సాయంత్రాలన్నీ దానికే పోయాయి.

సుబ్బూ, మొదట్లో ఈ మాటకు అర్థమే అది! కుదరని పని. దొరికిన పాత ఆధారాల్లో ఒకటి 1834 నాటిది, అదీ మా ఊరి సంగతే. ఇక్కడ నాష్‌విల్‌లో నిమ్రాడ్ మర్ఫ్రీ అనే ఆయన, ఇంధనం లేకుండా ఎప్పటికీ ఆగకుండా తిరిగే యంత్రాన్ని కనిపెట్టానని ప్రకటించుకున్నాడు. అయితే ఇక ఆయన తన బూట్ల పట్టీలు పట్టుకుని కంబర్లాండ్ నదిని కూడా దాటేస్తాడేమోనని ఒక పత్రిక ఎత్తిపొడిచింది. ఆ నది మా ఇంటికి ఇరవై నిమిషాల దూరం. 1888లో స్టీల్ అనే ఆయన బడిపిల్లల కోసం రాసిన భౌతికశాస్త్ర పుస్తకంలో, మనిషి బూట్ల పట్టీలు లాగి తనను తాను ఎందుకు ఎత్తుకోలేడని పిల్లలను అడిగే ప్రశ్న ఉంది. ఇది చదివినప్పుడు నాన్నగారి ముఖం చూడాల్సింది. ఎప్పుడో పోయిన తోటి మాస్టారు ఎదురైనట్టు, "అడిగాడు చూశావా, సరిగ్గా అడిగాడు" అన్నారు.

మధ్యలో 1860 నాటి ఒక పత్రికలో, మనసు తనను తాను విశ్లేషించుకోవాలనుకోవడం బూట్ల పట్టీలతో తనను ఎత్తుకోవడం లాంటిదని రాశారు. అది వినగానే నాన్నగారు కళ్ళు మూసుకుని మా తాతగారు చెప్పిన ముక్క అందుకున్నారు: ఎంత నేర్చిన నటుడైనా తన భుజం మీదికి తానెక్కలేడు. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో వాడిన పోలిక ఇది. అక్కడ చర్చ కూడా చైతన్యం గురించే! వాళ్ళకు బూట్లు, మనకు భుజం. నాకు ఒళ్ళు జలదరించింది. దీని గురించి ఇంకా చెప్పాలి కానీ... తర్వాత రాస్తాను, ఇప్పుడు మొదలుపెడితే బూట్ల దాకా రాలేను.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అర్థం మెల్లగా తిరగబడింది. ఎగతాళి ఎప్పుడు మెప్పుగా మారిందో ఫలానా రోజని చెప్పడానికి లేదు. 1922లో వచ్చిన జేమ్స్ జాయిస్ 'యులిసిస్' నవలలో, అట్టడుగు మెట్టు నుంచి బూట్ల పట్టీల సాయంతో పైకి వచ్చినవాళ్ళ ప్రస్తావన ఉంది. అప్పటికే "కష్టపడి పైకి రావడం" అనే అర్థం జనం నోళ్ళలో పడిపోయిందన్నమాట. మన భాషలో "తన కాళ్ళ మీద తాను నిలబడ్డాడు" అంటాం. నాకిప్పుడు ఆ మాట మీద ఎంత గౌరవం కలిగిందో! నిలబడటం మనిషికి సాధ్యం. దానికి కింద నేల ఉండాలని కూడా ఆ మాటే ఒప్పుకుంటుంది.

ఇప్పుడు నీ వంతు. నీ కొట్టులో రోజుకు పదిసార్లు "బూట్ కావడం లేదండీ" అంటావు కదా, ఆ బూట్ కూడా ఈ బూటే! కంప్యూటర్ ఆన్ చేసిన క్షణంలో దాని పని జ్ఞాపకం ఖాళీ. ఏ పని చేయాలన్నా లోపలికి ప్రోగ్రామ్ రావాలి, ప్రోగ్రామ్‌ను లోపలికి తేవడానికి ఇంకో ప్రోగ్రామ్ కావాలి. మరి మొదటిది ఎలా వస్తుంది? 1950ల తొలి ఏళ్ళలో వచ్చిన ఐబీఎం 701 కంప్యూటర్‌కు ఆదేశాలను రంధ్రాలు కొట్టిన అట్టకార్డుల మీద ఇచ్చేవారు. ఒక మీట నొక్కితే అది మొదటి కార్డు చదివేది, దాని మీది ఆదేశాలు తర్వాతి కార్డులను చదివించేవి. తనను తానే లాక్కుని లేస్తున్నట్టు ఉందని ఆ పద్ధతికి బూట్‌స్ట్రాప్ అని పేరు పెట్టారు. వాడుకలో తోక తెగి బూట్ మిగిలింది. హైదరాబాద్ కుర్రాళ్ళు బయటి పెట్టుబడి లేకుండా మొదలుపెట్టిన కంపెనీని "బూట్‌స్ట్రాప్డ్" అంటున్నారే, అదీ ఇదే.

నాన్నగారు అంతా విని ఒక్క ప్రశ్న వేశారు. "ఆ మొదటి కార్డు మీద రంధ్రాలు ఎవరు కొట్టారు?"

మనిషే కొట్టాడు. 1975లో వచ్చిన ఆల్టేర్ 8800 అనే చిన్న కంప్యూటర్‌కైతే మొదట్లో ఆ తొలి ఆదేశాలను ముందు వైపున్న మీటలు ఒక్కొక్కటే పైకీ కిందికీ వేసి చేత్తో ఎక్కించాల్సి వచ్చేది. ఇప్పుడు నువ్వు బాగుచేసే వాటిలో ఆ ఆదేశాలు ఫ్యాక్టరీలోనే చిప్పులోకి ఎక్కించి పంపుతారు. ఏ యంత్రమూ ఒంటరిగా లేవలేదు సుబ్బూ. మొదట ఎవరిదో ఒక వేలు ఉంది.

బుధవారం రాత్రి మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం చదివాను. 1968 మార్చి 31న వాషింగ్టన్‌లోని నేషనల్ కెథడ్రల్‌లో చేసినది. బూట్ల పట్టీలు పట్టుకుని పైకి రమ్మని మనిషికి చెప్పడం తప్పు కాదు గానీ, కాళ్ళకు బూట్లే లేనివాడితో ఆ మాట అనడం క్రూరమైన పరిహాసమన్నాడాయన. నల్లవాళ్ళను రెండు వందల నలభై నాలుగేళ్ళు బానిసలుగా ఉంచారు, 1863లో స్వేచ్ఛ ఇచ్చామన్నారు, బతకడానికి సెంటు భూమి ఇవ్వలేదు. ఆ కాలంలోనే తెల్లవాళ్ళకు పడమటి వైపు లక్షల ఎకరాలు పంచిపెట్టారు. అలా లాభం పొందినవాళ్ళే నల్లవాళ్ళకు పట్టీల నీతి చెబుతున్నారని ఆయన బాధ. అది చెప్పిన నాలుగు రోజులకు మెంఫిస్‌లో ఆయన్ను కాల్చి చంపారు. మెంఫిస్ మా రాష్ట్రమే.

నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు. నాకు మాత్రం "బూట్లు లేనివాడు" అన్నచోట గొంతు ఆగిపోయింది. ఎందుకో నీకు చెప్పనక్కర్లేదు.

నిన్న సాయంత్రం ఆయన్ను బ్రాడ్‌వేకు తీసుకెళ్ళాను. ఆ వీధి నిండా సంగీతం వినిపించే హోటళ్ళు, పశువుల కాపర్లు తొడిగే పొడుగు బూట్లు అమ్మే కొట్లు. చివరికి నడిస్తే కంబర్లాండ్ నది. ఒక కొట్టులోకి వెళ్ళి, తోలు వాసన మధ్య బల్ల మీద కూర్చున్నాం. నాన్నగారు గోధుమరంగు బూటు ఒకటి ఒళ్ళో పెట్టుకున్నారు. పైఅంచున అటొకటి ఇటొకటి, కుందేలు చెవుల్లా రెండు పట్టీలు. నాలుగు వరసల దారంతో గట్టిగా కుట్టారు. రెండు చూపుడువేళ్ళు వాటిలో దూర్చి లాగి చూశారు. "కాలు లోపలికి దిగడానికి బాగుంది. అంతవరకే దీని పని" అన్నారు.

అప్పుడు చెప్పేశాను సుబ్బూ. ఇన్నేళ్ళు దాచినది. 1997లో బేగంపేట ఇంటర్వ్యూకు నేను తొడుక్కున్న బూట్లు నావి కావని. అక్క పెళ్ళి అప్పులు తీరని ఆ ఏడాది ఆయన్ను డబ్బు అడగలేక, పిన్నీసు పెట్టిన చెప్పులతో హైదరాబాద్ వచ్చానని. నీ మొదటి జీతంతో కోఠిలో కొనుక్కున్న నల్ల బూట్లు, ఇంకా పది రోజులైనా తొడగనివి, చిక్కడపల్లి గదిలో నా ముందు పెట్టావని. నాది ఎనిమిది, నీది తొమ్మిది. పేపరు చింపి ఉండలు చుట్టి, "సంపాదకీయం ఎడమ కాలికి, ఆటల పేజీ కుడి కాలికి, తెలివీ ఉంటుంది, పరుగూ ఉంటుంది" అంటూ వేళ్ళ దగ్గర కుక్కావు. ఆ గది మెట్లు దిగుతుంటే గరగరమని చప్పుడు. ఇప్పటికీ ఏదైనా ముఖ్యమైన సమావేశానికి వెళ్ళేటప్పుడు ఆ గరగర నా చెవిలో వినిపిస్తుంది.

ఆ ఉద్యోగం వచ్చింది. దాని వెంట ఈ దేశం వచ్చింది. ఈ ఊళ్ళో అందరూ నన్ను నా పట్టీలు నేనే లాక్కుని లేచినవాడంటారు. నేను కాదనలేదు. ఒక్కసారి కూడా... అవి నా బూట్లు కూడా కావు కదరా.

నాన్నగారు చాలాసేపు ఆ బూటు ఒళ్ళోంచి దించలేదు. కొట్టు అమ్మాయి వచ్చి సైజు అడిగింది, వద్దని తల ఊపారు. తర్వాత నా ముఖంలోకి చూసి అడిగారు:

"మరి ఆ రోజు సుబ్బడు ఏం తొడుక్కున్నాడురా?"

నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదని అప్పుడు తెలిసింది. నాతో నడిచింది నీ బూట్లు. నీ పాదాలు ఎక్కడున్నాయో చూడలేదు. నది ఒడ్డుకు వెళ్ళి కూర్చున్నాం. నీళ్ళు బురదరంగులో నిండుగా పారుతున్నాయి. ఆయన మర్ఫ్రీ గురించి మాట్లాడలేదు, న్యూటన్ గురించి మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం "వాడికి ఉత్తరం రాయి. ఫోను కాదు, ఉత్తరం" అన్నారు.

అందుకే ఈ వేళప్పుడు వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. ఇవాళ మెంఫిస్ వెళుతున్నాం, కింగ్ బస చేసిన లొరేన్ మోటెల్‌ను ఇప్పుడు మ్యూజియంగా ఉంచారు, చూడాలని నాన్నగారు పట్టుబట్టారు. మూడు గంటల ప్రయాణం. ఆయన అప్పుడే స్నానం చేసి తయారై హాల్లో తిరుగుతున్నారు, సునీత ఇడ్లీలు డబ్బాలో సర్దుతోంది. నీ పిల్లవాడి పరీక్షల సంగతి అడగాలనుకున్నాను, మీ అమ్మగారి కంటి ఆపరేషన్ గురించీ, అన్నీ మళ్ళీ రాస్తాను.

ఒక్కటి మాత్రం రాయి. ఆ రోజు నీకు ఎక్కడికీ వెళ్ళే పని లేదన్నావు. రాత్రంతా నీ చొక్కా ఇస్త్రీ చేసి మేకుకు తగిలించి ఉండటం నాకు ఇప్పుడు గుర్తొస్తోంది. నిజంగా వెళ్ళే పని లేదా? ఉంటే, దేనితో వెళ్ళావు?

కారు తీస్తున్నారు. ఉంటాను.

నీ
రవి