మీ పెళ్లి ఫోటోల లాగిన్‌లు మూడు రోజులు ఎందుకు మూశానంటే

మన స్టూడియోలో పెళ్లి ఫోటోలు తీయించుకున్న అందరికీ నమస్కారం.

గత వారం ఒక కుటుంబం ఆల్బమ్ కోసం పెట్టుకున్న ఫోటోల్లో 212 పాడయ్యాయి. ఇంకొక పెళ్లివారి అబ్బాయి తమ ఫోటోలను చిన్న సైజులోకి మార్చి మన లినక్స్ సర్వర్‌లోకి ఎక్కిస్తూ, పొరపాటున పక్క ఫోల్డర్‌లో వేశాడు. ప్రతి పెళ్లికీ కెమెరాలో 0001 నుంచి మొదలుపెట్టడం నా అలవాటు కాబట్టి పేర్లు ఒకటే అయ్యాయి, పాతవాటి మీద కొత్తవి కూర్చున్నాయి. ఒకరి తలంబ్రాల చోట మరొకరి భోజనాల బంతి. అబ్బాయిని ఏమీ అనను. ఆ తలుపు అతనికి తెరిచి ఉండకూడదు.

అసలు ఫోటోలు నా హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి, తిరిగి పెట్టేశాను. రంగులు దిద్దిన 40 మాత్రం మళ్లీ దిద్దుతున్నాను, ఖర్చు నాదే.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. రెండు నెలల క్రితం సర్వర్ చూసే టెక్నీషియన్‌ను పిలిచి, ఎవరు పడితే వారు మార్చగలిగే ఫైళ్లు ఉన్నాయేమో చూడమన్నాను. నా ఎదుటే ఫైళ్లను వెతికే ఫైండ్ ఆదేశం ఇచ్చాడు: ‘-టైప్ ఎఫ్ -నేమ్ "*.జేపీజీ" -పెర్మ్ 777’. ఒక్క ఫైలూ రాలేదు. ‘‘చూశారా అండీ, అంతా భద్రం’’ అన్నాడు. ఆ మాటే గొప్పగా మీ అందరికీ చెప్పాను.

ఆ వెతుకులాటకు రెండు కన్నాలు. ‘-నేమ్’ పెద్ద అక్షరాలను, చిన్న అక్షరాలను వేరుగా చూస్తుంది. మా కెమెరా ఫైలు పేరు చివర పెద్ద అక్షరాలు పెడుతుంది, అతను చిన్నవాటితో వెతికాడు. ‘-ఐనేమ్’ అని ఉంటే రెండూ దొరికేవి. రెండోది ఇంకా చేటు. ‘-పెర్మ్’ తర్వాతి మూడంకెలు ఫైలు మీద ఎవరికి ఏ హక్కు ఉందో చెబుతాయి: మొదటిది యజమానికి, రెండోది అతని గుంపుకు, మూడోది మిగతా అందరికీ. 777 అంటే కచ్చితంగా 777 ఉన్నవే వస్తాయి. మన ఫైళ్లు 666. చదవడానికి 4, రాయడానికి 2, కలిపితే 6. చివరి 6 అంటే సర్వర్‌లోకి వచ్చిన ప్రతివారికీ రాసే హక్కు ఉన్నట్టే. అవి పట్టుబడాలంటే అంకె ముందు గీత పెట్టి ‘-పెర్మ్ -002’ అని అడగాలి. అప్పుడు మిగతా హక్కులు ఎలా ఉన్నా, బయటివారు రాయగలిగేవన్నీ వస్తాయి. ఆ రాత్రి నేనే అడిగాను. 18,640 ఫైళ్లు! ఒక్క గీత! ఫోను చేస్తే ‘‘చిన్న పొరపాటే కదండీ’’ అన్నాడు. ఇక అతన్ని పిలవను. ఇరవై ఏళ్ల మాట పోగొట్టుకున్నది నేను, అతను కాదు.

ముహూర్తాల రోజుల్లో లాగిన్‌లు మూయాలా వద్దా అని తెల్లవార్లూ తన్నుకులాడాను. అమెరికాలో ఉన్న మీ పిల్లలు రాత్రిళ్లు మేలుకొని ఫోటోలు ఎంచుతారని తెలుసు. అయినా మూశాను. కోపం వస్తే నా మీదే చూపండి.

ఇప్పుడు ఫైళ్లు 640, ఫోల్డర్లు 750. చివరి 0 అంటే బయటివారికి ఏ హక్కూ లేనట్టే. రెంటికీ ఒకే అంకె ఇస్తే కుదరదు. 7లోనూ 5లోనూ కలిసి ఉన్న 1 లోపలికి వెళ్లే హక్కు, ఫోల్డర్‌కు ఆ 1 లేకపోతే లోపలికే వెళ్లలేరు, అందుకే ‘-టైప్ డి’తో వాటిని విడిగా వెతికి మార్చాను. ఎవరి ఎంపిక ఫోల్డర్‌లో వారే రాయగలరు. రోజూ షట్టరు దించేముందు ఆ గీత ఉన్న ఆదేశం నేనే ఇస్తున్నాను.

శనివారం ఉదయం 10 గంటలకు లాగిన్‌లు తెరుస్తాను. పాత పాస్‌వర్డ్ పనిచేయదు, స్టూడియోకు ఫోను చేయండి. నేనే ఎత్తుతాను.