నిర్మాణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

పరంజా ఎక్కినవారికి పక్క మనిషి మీద నమ్మకమే సగం రక్షణ. తనను రోజూ గేలిచేసే జట్టులో ఉన్న క్వీర్ (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ వ్యక్తుల వంటి లైంగిక, లింగ మైనారిటీలకు చెందిన) కార్మికుడు, నడుముకు కట్టిన బెల్టు వదులైందని చెప్పడానికి కూడా వెనకాడతాడు. ఇది భద్రతా నిబంధనల్లో చేరాల్సిన సంగతి.

ఆర్కిటెక్టుల కార్యాలయాల్లో వివక్ష మెత్తగా ఉంటుంది. డ్రాయింగులు గీయించుకుంటారు, క్లయింటు ముందుకు మాత్రం పంపరు. ఆర్కిటెక్చర్‌లో అతి పెద్ద పురస్కారంగా చెప్పుకునే ప్రిట్జ్‌కర్ బహుమతిని 1979లో మొట్టమొదట అందుకున్న అమెరికా ఆర్కిటెక్టు ఫిలిప్ జాన్సన్ స్వలింగ ప్రేమికుడు. ఆ మాట ఆయన బాహాటంగా చెప్పుకున్నది ముసలితనంలోనే. అంతటి పలుకుబడి ఉన్నవారికే అన్నేళ్లు పడితే, నిన్న చేరిన ట్రైనీ సంగతి వేరే చెప్పాలా?

పని ప్రదేశాల్లో హింస, వేధింపులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 190వ ఒప్పందం 2019లోనే వచ్చింది. అది అప్రెంటిస్‌లకూ వర్తిస్తుంది. ప్రభుత్వ టెండర్లలో ఫిర్యాదుల ఏర్పాటును, లోపల గడియ ఉన్న విడి మరుగుదొడ్లను షరతుగా పెట్టండి. (గడియ పడని తలుపు ఎంతమందిని రోజంతా నీళ్లు తాగనివ్వదో మీ ఇంజనీర్లనే అడగండి.) డిజైన్లు ఎంపిక చేసే సంఘాల్లో, సైట్ బాధ్యతల్లో క్వీర్ నిపుణులకు చోటివ్వండి. ప్రచార పోస్టర్లు తర్వాత వేసుకోవచ్చు.

ఇట్లు,
ఒక ఆర్కిటెక్టు